లేత్ నంబరు 4417

"గంటా నలభై నిమిషాలు," అంది కమలాక్షి. "పన్నెండూ ఐదుకు పెనుకొండకు వచ్చినావు. ఒకటీ నలభై ఐదుకు లారీ కదిలింది. నడుమ యాడ పోయినావు పౌలన్నా?"

పౌలు టీ గ్లాసు కింద పెట్టాడు. "టైరు పంచరయింది మేడమ్."

"ఏ టైరు?"

"ఎనక... ఎడమ పక్కది."

"యాడ ఏయించినావు?"

"ఈడనే. బస్టాండు ఎదురుగా."

"బస్టాండు ఎదురుగా ఉండేది ఒక్కటే షాపు. ఆయప్ప పదకొండో తేదీ షాపు తెరవలేదంట. చెల్లెలి పెండ్లికి పోయినాడంట. పొద్దున్నే అడిగొచ్చినా."

పౌలు నలభై ఐదేళ్ల మనిషి. ఇరవై ఏళ్లు స్టీరింగు పట్టిన చేతులు ఖాళీ గ్లాసును ఊరికే తిప్పుతున్నాయి.

1997 డిసెంబరు ఇరవై రెండు, సోమవారం. పెనుకొండ బస్టాండు పక్క హోటల్లో టైము పదిన్నర. కమలాక్షి చేతిలో ఐదున్నర గంటలున్నాయి.

హిందూపురంలో టైపు ఇన్‌స్టిట్యూటు మేడ మీద ఆమె డిటెక్టివ్ ఆఫీసు తెరిచి ఐదేళ్లయింది. అంతకు ముందు పదకొండేళ్లు బెంగళూరులో ఒక పనిముట్ల ఫ్యాక్టరీలో తనిఖీ సెక్షన్లో పని చేసింది. మిల్లీమీటరులో నూరో వంతు తేడాను పట్టుకోవడం అక్కడి పని. మనుషుల మాటల్లో తేడా పట్టుకోవడం దానికన్నా సులువని ఆమె నమ్మకం.

ఆమెకు ఈ కేసు ఇచ్చినవాడు ధర్మవరం ఓబుళప్ప. రైల్వేలో ముప్పై ఏళ్లు, ఇనుప చువ్వలను గుండ్రంగా చెక్కే లేత్ మిషను తిప్పి రిటైరయ్యాడు. ఇంట్లోనే సొంత లేత్ పెట్టుకుని మగ్గాలకూ రాట్నాలకూ కావలసిన సామాన్లు చేయాలని ఆశ. హిందూపురంలో సెకండ్ హ్యాండు మిషన్లు అమ్మే గంగాధర షెడ్డుకు మూడు రోజులు తిరిగి, మూడు లేత్‌లు చూసి, ఒకటి ఏరుకున్నాడు. పదకొండో తేదీ అది పౌలు లారీ ఎక్కింది. ధర్మవరం చేరింది. దాన్ని నిలబెట్టడానికి అంజనప్ప అనే మేస్త్రీ వచ్చాడు. పద్నాలుగో తేదీ ఆదివారం కొబ్బరికాయ కొట్టి మొదటి చువ్వ తిప్పితే, ఒక కొన లావుగా, ఒక కొన సన్నంగా వచ్చింది. రెండో చువ్వా అంతే. మూడోదీ అంతే.

ఇది తాను ఏరుకున్న లేత్ కాదన్నాడు ఓబుళప్ప. దారిలో ఎవరో మార్చేశారన్నాడు. అమ్మిన గంగాధర వెంటనే ధర్మవరం నుంచి వీరేష్ అనే డిటెక్టివ్‌ను తన ఖర్చుతోనే పెట్టించాడు. వీరేష్ రెండు రోజుల్లో తేల్చేశాడు. దొంగ పౌలు. సాయంత్రం నాలుగుకు లారీ ఓనరును వెంటబెట్టుకుని పోలీసు కంప్లయింటు ఇవ్వబోతున్నాడు. అదే నాలుగుకు అంజనప్ప స్క్రాపు లారీ తెస్తున్నాడు. పనికిరాని లేత్‌ను ఇనుము కింద తీసుకుపోవడానికి.

"నిజం చెప్తే నా పని పోతాది మేడమ్," అన్నాడు పౌలు చివరికి.

"చెప్పకుంటే స్టేషనుకు పోతావు."

కమలాక్షి అతని కుడి చేతిని చూసింది. అరచేతి అంచున తెల్లటి పొడి. ప్యాంటు మోకాళ్ల మీద అదే పొడి, అడ్డంగా ఒక గీతలా.

"నీ పిల్లోళ్లు ఏం చదువుతాండారు?"

"పెద్దది డిగ్రీ. చిన్నోడు ఇంటరు." ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం అతని ముఖం వెలిగింది.

"అయితే సిలేటు వాళ్లది కాదు. నీ చేతికంటింది బలపం పొడి. సిలేటు ఒళ్లో పెట్టుకొని ఇయ్యాల పొద్దున కూడా రాసినావు. అవునా?"

పౌలు తల దించుకున్నాడు. కాసేపటికి నవ్వాడు. నవ్వుతూనే తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు.

"ఎనిమిదో తరగతి పాసైనానని చెప్పి ఈ పనిలో చేరినా మేడమ్. నేను బడి గడప తొక్కినోణ్ణి కాదు. బోర్డులు రంగు చూసి గుర్తు పడతా. ఊర్లు మలుపులు చూసి గుర్తు పడతా. ఈ క్రిస్మస్‌కు మా చర్చిలో బైబిలు వాక్యం నేనే చదవల్ల అనుకున్యా. పెనుకొండ మీద పోయినప్పుడల్లా ఈడ ఒక టీచరమ్మ దగ్గర నేర్చుకుంటాండా. మా ఇంట్లో కూడా తెలీదు."

కమలాక్షి లేచి నిలబడింది. "ఆ టీచరమ్మ బడి ఎంత దూరం?"

"నాలుగు నిమిషాలు."

బడిలో పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు. వరలక్ష్మి టీచరు గుమ్మం దగ్గరికొచ్చి, పౌలును చూసి గలగలా నవ్వింది.

"మా బడిలో అందరికన్నా పెద్ద పిల్లోడు ఈయనే మేడమ్. అందరికన్నా బుద్ధిమంతుడు కూడా. ఎక్కాలు మాత్రం పాడల్లంటే సిగ్గు."

"పదకొండో తేదీ గురువారం ఎప్పుడొచ్చినాడు?"

"పన్నెండున్నరకు మా అన్నం బెల్లు. అప్పటికే వచ్చి వసారాలో కూచున్న్యాడు. ఒకటిన్నర దాకా రాయించినా."

"లారీ యాడుంది?"

"బడి ముందరనే. అన్నం తినే పిల్లోళ్లంతా దాని చుట్టే. లారీలో ఉండేది ఏమి మిషను, ఏమి మిషను అని నా ప్రాణం తీసినారు."

"ఆ రోజు రాసింది ఏమైనా ఉండాదా?"

టీచరు బీరువాలోంచి ఒక నోటుబుక్కు తెచ్చింది. పౌలు ఇంటికి తీసుకుపోకుండా ఇక్కడే దాచుకునేవాడు. వచ్చినప్పుడల్లా దారిలో చూసిన అంకె ఒకటి రాసుకొచ్చి చదివి వినిపించాలని ఆమె పెట్టిన నియమం. పదకొండో తేదీ పేజీలో, పెద్ద పెద్ద వంకర అంకెల్లో ఉంది: 4417. పక్కన ఎర్ర సిరాతో టీచరు పెట్టిన రైట్ గుర్తు.

"ఈ అంకె యాడిది పౌలన్నా?"

"లేత్‌ది మేడమ్. వెనక డోరు పక్కకు ఉండే కొనలో, ఇనుములోనే కొట్టిండారు. పెనుకొండ రాంగానే లారీ ఎక్కి చేతి మీద రాసుకున్యా. పాఠం మొదలయ్యేటప్పుడు ఫస్టు అదే చదివించుకుంటాది టీచరమ్మ."

కమలాక్షి ఆ పేజీని రెండుసార్లు చూసి నోటుబుక్కు బ్యాగులో పెట్టుకుంది. పదకొండూ నలభైకి ఇద్దరూ ధర్మవరం బస్సెక్కారు.

ఓబుళప్ప ఇంటి పెరట్లో రేకుల గది. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడుగు. నడుమ కొత్త సిమెంటు దిమ్మె మీద నాలుగున్నర అడుగుల లేత్ నిలబడి ఉంది. ఒక కొనన చువ్వను పట్టి తిప్పే చక్, దాని కింద మోటారు, అక్కడి నుంచి రెండో కొన దాకా రెండు పట్టాల్లాంటి నున్నటి ఇనుప బెడ్. గోడకు పనిముట్లు వరసగా వేలాడదీసి ఉన్నాయి. గది అంతా పెండ్లికి సిద్ధం చేసినట్టుంది, ఒక్క ఓబుళప్ప ముఖం తప్ప.

అతని భార్య నాగమణి ఇద్దరికీ మజ్జిగ ఇచ్చింది. గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్న వీరేష్‌కు అప్పటికే రెండో గ్లాసు. హెడ్ కానిస్టేబులుగా రిటైరైన మనిషి. సఫారీ సూటు, మెలేసిన మీసం, చంకలో లావుపాటి డైరీ.

"ఒకటీ ఇరవై," అన్నాడు గడియారం చూసి. "ముద్దాయిని మీరే తోడుకొని వచ్చినారు. నాకు పని తగ్గించినారు మేడమ్."

"ముద్దాయి అని ఎట్ల తేల్చినావప్పా?"

"హిందూపురంలో పదీ నలభైకి బయలుదేరినాడు. ధర్మవరం మూడూ ఇరవై ఐదుకు చేరినాడు. నడుమ గంటా నలభై నిమిషాలకు లెక్క లేదు. ఇంగోటి చూడండి." వీరేష్ లేచి లేత్ ముందు బిగించిన ఇత్తడి పేరు పలకను వేలితో చూపించాడు. "బిల్లులో నంబరు 2093. పలక మీద కూడా 2093. కానీ పలక స్క్రూలు కొత్తవి. చుట్టూ పెయింటు గీరుకుపోయిండాది. మంచి మిషను దించుకొని, దాని పలక పీకి, ఈ పాడు మిషనుకు కొట్టినారు. ఇరవై ఎనిమిదేళ్లు పోలీసులో చేసినా మేడమ్. నా కండ్లకు ఇట్లాంటివి దాగవు."

"పలక మార్చినారు. నిజమే," అంది కమలాక్షి. "బాగా చూసినావు."

వీరేష్ మీసం మీద చేయి వేశాడు. పౌలు గోడకు ఆనుకుపోయాడు.

"కానీ బెడ్‌ను మార్చినారా?" కమలాక్షి రెండో కొన దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది. "నాగమణక్కా, కిరసనాయిలు గుడ్డ ఒకటి ఇస్తారా?"

నల్లటి జిడ్డు తుడిచేకొద్దీ కింది ఇనుము బయటపడింది. దాని మీద సుత్తితో కొట్టిన నాలుగు అంకెలు.

"పౌలన్నా, ఇట్ల రా. గట్టిగా చదువు."

పౌలు వంగాడు. పెదవులు కదిలాయి. చూపుడు వేలు ఒక్కో అంకె మీదా పెట్టాడు. "నాలుగు. నాలుగు. ఒకటి. ఏడు." ఊపిరి పీల్చుకున్నాడు. "నాలుగు వేల నాలుగు వందల పదిహేడు!"

కమలాక్షి నోటుబుక్కు తెరిచి వీరేష్ ముందు పెట్టింది.

"పదకొండో తేదీ పన్నెండున్నరకు ఈ అంకెను పెనుకొండలో ఒక టీచరమ్మ దిద్దింది. పన్నెండున్నర నుంచి ఒకటిన్నర దాకా లారీ చుట్టూ బడి పిల్లోళ్లు ఉండారు. మిగిలింది ఏమి? పన్నెండూ ఐదు నుంచి పన్నెండున్నర. ఇరవై ఐదు నిమిషాలు. చివర ఇంగొక పావుగంట. ఓబుళప్పన్నా, హిందూపురంలో లేత్‌ను లారీకెత్తేకి ఎంత సేపు పట్టింది?"

"గంటా ఇరవై. చైను కప్పీ ఏసి, ఆరు మంది పట్టినారు."

"ఒకటి దించి ఇంగోటి ఎక్కించల్లంటే రెండున్నర గంటలు. హిందూపురం నుంచి పెనుకొండకు పట్టింది గంటా ఇరవై ఐదు. లోడు లారీకి అది మామూలే. పెనుకొండ నుంచి ఈడికి గంటా నలభై. అదీ మామూలే. లేత్‌ను ఎవరూ మార్చలేదు వీరేషప్పా."

వీరేష్ నోటుబుక్కును అటూ ఇటూ తిప్పాడు. "డ్రైవరు బడిలో ఏం చేస్తాన్న్యాడు?"

చెప్పనని కమలాక్షి బస్సులో పౌలుకు మాటిచ్చి ఉంది. పౌలే ముందుకొచ్చాడు.

"చదువు నేర్చుకుంటాన్న్యా సార్. మా ఓనరుకు నేను అబద్ధం చెప్పినా. ఇయ్యాలనే పోయి నిజం చెప్తా. ఉంచుకుంటే ఉంచుకుంటాడు, లేకుంటే లేదు. ఇప్పుడు బోర్డులు చదవగలను, యాడైనా పని దొరుకుతాది."

నాగమణి లోపలికి వెళ్లి చెనిక్కాయ ఉండల డబ్బా తెచ్చి, మొదటి ఉండ పౌలు చేతిలో పెట్టింది.

"సరే," అన్నాడు వీరేష్. గొంతు కొంచెం తగ్గింది గానీ ఓడిపోయిన గొంతు కాదు. "మారలేదు. అంటే ఈయప్ప ఏరుకున్నదే పాడు మిషను. మూడు రోజులు చూసి పాడుదాన్ని ఏరుకున్న్యాడు."

ఓబుళప్ప ముఖం ఎర్రబడింది.

"నేనా? విను వీరేషప్పా. ఆడ మూడు లేత్‌లు ఉండాయి. ఒకటి తళతళా పెయింటేసిండారు. బెడ్ మీద గోరు పెట్టి చక్ దగ్గరి నుంచి ఈ కొన దాకా గీసినా. చక్ దగ్గర పల్లం. గోరు తట్టుకునింది. అంటే అరిగిపోయిన మిషను. పెయింటు చూసి మోసపోతానా? రెండోది ఆరడుగులది. బాగుండాది, కానీ త్రీ ఫేజ్ కరెంటు కావల్ల, మా ఇంట్లో ల్యా. గుమ్మంలో పట్టదు కూడా. మూడోది ఇది. మురికి పట్టి మూలన ఉన్నింది. గోరు పెడితే అద్దం మీద జారినట్ల జారింది. చక్‌లో పొడుగు చువ్వ బిగించి రెండు చేతులతో పైకెత్తినా. కదల్లేదు. గేర్లు చేత్తో తిప్పి చెవి పెట్టి విన్యా. ఒక్క పల్లు ఇరగలేదు. మోటారు ఒక్కటి మార్చి, ఇంటి కరెంటుకు సరిపోయే ఒక హెచ్‌పీది బిగించమన్న్యా. నేను ఏరుకున్నది మంచి లేత్. ముప్పై ఏళ్లు నా చేయి తిరిగింది లేత్ మీదనే!"

"మరి చువ్వ యాల వంకరొస్తాంది?"

"అది తెలిస్తే నేను ఈమె దగ్గరికి యాల పోతా?"

"ఓబుళప్పన్నా," అంది కమలాక్షి మెల్లగా, "ఆ ముప్పై ఏళ్లలో కొత్త లేత్‌ను నువ్వెప్పుడైనా నిలబెట్టినావా?"

ఓబుళప్ప తడబడ్డాడు. "లేదు. నేను చేరేటప్పటికే అన్నీ నిలబెట్టిండారు. నేను తిప్పినా, అంతే. దానికనే అంజనప్పను ఒప్పుకున్యా. తనే వచ్చి అడిగినాడు, మిషన్లు నిలబెట్టేది నా పని అని. లెవెల్ కూడా పెట్టి చూపించినాడు. బుడగ నట్టనడుమ ఉన్నింది."

"ఎట్ల పెట్టినాడు? పొడుగ్గానా, అడ్డంగానా?"

"పొడుగ్గా."

కమలాక్షి బ్యాగులోంచి పాత పట్టు గుడ్డలో చుట్టిన చెక్క పెట్టె తీసింది. లోపల జానెడు పొడుగు లెవెల్. తాపీ మేస్త్రీలు వాడేది కాదు. ఒక కొన కింద సిగరెట్ పెట్టెలో కాగితం పెట్టినా బుడగ పారిపోయే రకం. దాన్ని చక్ దగ్గర బెడ్ మీద అడ్డంగా పెట్టింది. అందరూ వంగి చూశారు. బుడగ నడుమ నిలిచింది.

"ఇప్పుడు చూడండి." లెవెల్‌ను రెండో కొనకు జరిపింది. బుడగ ఒక పక్కకు పరుగెత్తి గాజు అంచుకు అంటుకుపోయింది.

"తడిగుడ్డ పిండేటప్పుడు ఒక కొన పట్టి ఇంగో కొన తిప్పుతామే, బెడ్‌ను అట్ల మెలేసినారు. పొడుగ్గా పెట్టిన లెవెల్‌కు మెలిక తెలీదు. అడ్డంగా పెడితేనే తెలుస్తాది. మెలిక ఉంటే ఇనుమును చెక్కే టూలు పోనుపోనూ పక్కకు పోతాది. చువ్వ ఒక కొన లావొస్తాది." ఆమె రెండో కొనన ముందరి కాలి బోల్టును చూపించింది. "నాలుగు బోల్టుల్లో దీన్ని మాత్రమే ప్రాణం పోయేటట్ల బిగించినాడు. పైన ఎర్ర పెయింటు కూడా పూసినాడు. ఎవరైనా ముట్టుకుంటే తెలియాలని. ఏమని చెప్పినాడు?"

"ముట్టుకుంటే సిమెంటు పగులుతాది అన్న్యాడు," అంది నాగమణి.

"పెద్ద పానా ఇవ్వన్నా."

కమలాక్షి పానా వేసింది. కదల్లేదు. పౌలు వచ్చి పట్టుకున్నాడు. ఇద్దరూ బలంగా లాగారు. బోల్టు వదులైంది. ఆ క్షణంలో 'టక్' మని ఒక శబ్దం. నాలుగు వందల కిలోల ఇనుము ఊపిరి వదిలినట్టు ఆ కాలు తనంతట తానే పైకి లేచింది. కాలికీ సిమెంటుకూ నడుమ వేలి గోరు దూరేంత సందు.

వీరేష్ బోర్లా పడుకుని సందులోకి టార్చి కొట్టాడు. పక్క కాలి కింద చూశాడు. అక్కడ మూడు రేకు ముక్కలు పేర్చి ఉన్నాయి. ఈ కాలి కింద ఒక్కటీ లేదు.

"ఇది తెలీక చేసింది కాదు," అన్నాడు లేస్తూ. సఫారీ సూటు ముందంతా దుమ్ము. తుడుచుకోలేదు. "ఎత్తు చేసినాడు, ఎత్తు పక్కనే పల్లం చేసినాడు. లెక్క తెలిసినోడి పని."

మొదటిసారి ఇద్దరు డిటెక్టివ్‌లూ ఒకే మాట మీద ఉన్నారు.

రెండూ పది నుంచి మూడూ ఐదు దాకా ఆ గదిలో ఒకటే సందడి. ఓబుళప్ప పల్చటి ఇత్తడి రేకు కత్తిరించి ఇస్తున్నాడు. పౌలు గడ్డపారతో కాలును వెంట్రుకవాసి ఎత్తి పట్టుకుంటున్నాడు. కమలాక్షి రేకు దూర్చి, లెవెల్ ఈ కొన నుంచి ఆ కొనకు మారుస్తోంది. వీరేష్ బుడగ మీద కన్ను పెట్టి అరుస్తున్నాడు.

"ఇంకా ఎడమకు... వస్తాంది... వస్తాంది... ఆగు! ఎక్కువైంది!"

"అరవద్దప్పా, బుడగ బెదురుకుంటాది," అంది నాగమణి. అందరూ నవ్వారు. వీరేష్ కూడా.

నాలుగు బోల్టులూ సమంగా బిగిశాయి. చక్ దగ్గర బుడగ నడుమ. రెండో కొనన బుడగ నడుమ.

ఓబుళప్ప చువ్వ బిగించాడు. స్విచ్ వేశాడు. చక్ తిరిగింది. టూలు తగలగానే నీలం రంగు తురుము సన్నటి ఉంగరాలుగా రాలింది. మిషను ఆపి, కొలిచే మైక్రోమీటరు తీసి కమలాక్షి చేతికిచ్చాడు. తాను చూడలేనన్నాడు.

ఆమె చక్ వైపు కొలిచింది. అటు కొన కొలిచింది. మళ్లీ మొదటిది కొలిచింది.

"చెప్పమ్మా," అన్నాడు ఓబుళప్ప.

"నూరో వంతులో సగం తేడా. అంతే. మా పాత ఫ్యాక్టరీలో దీనికి పచ్చ సీలు కొడతారు."

ఓబుళప్ప లేత్ మీద చెంప ఆనించాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు. "నేను ఏరుకున్నది మంచి లేతే," అన్నాడు. "విన్న్యావా నాగమణీ? నా గోరు అబద్ధం చెప్పలేదు."

"ఆ సంగతి మల్ల. నా కదురు ఏది?" అంది నాగమణి.

ఇరవై రెండేళ్లుగా ఆమె రాట్నం మీద పట్టు దారం చుడుతోంది. రాట్నం కదురు వంకర. గంటకు పది సార్లు దారం తెగుతుంది. లేత్ వస్తే మొదట చేసేది నీ కదురేనని ఓబుళప్ప మాటిచ్చి ఉన్నాడు. ఇప్పుడు పావుగంటలో చేసేశాడు. సన్నగా, తిన్నగా, వెండి పుల్లలా. నాగమణి దాన్ని వసారాలోని రాట్నానికి తగిలించి తిప్పింది. కదురు తిరుగుతోందా, నిలిచి ఉందా అని అనుమానం వచ్చేంత నిశ్చలంగా తిరిగింది. ఎర్ర పట్టు దారం కండె మీద చుట్టుకుంటూ పోయింది. తెగలేదు.

ఆమె దారాన్ని వేలితో తడిమి చూసింది. తర్వాత కుంకుమ గిన్నె తెచ్చింది.

"ఆ ఆదివారం పెట్టిన బొట్టు ఏడుపు బొట్టు. ఇప్పుడు మల్ల పెడతా. ఇంత మురికి మీద యాల, ఉండండి." చక్ పక్కనున్న గేర్ల పెట్టె తలుపు తెరిచింది. లోపలి వైపు దట్టంగా గ్రీజు పట్టి ఉంది. కిరసనాయిలు గుడ్డతో రుద్దింది.

రుద్దుతూ ఆగిపోయింది.

"కమలమ్మా, ఈడ ఎవరో బొట్లు పెట్టిండారు. పేర్లు కూడా రాసిండారు."

కమలాక్షి వంగి చూసింది. తలుపు లోపలి పక్కన, ఒకదాని కింద ఒకటి, పెయింటుతో రాసిన మూడు వరసలు. ఒక్కో వరస పక్కన నూనెలో నల్లబడిన కుంకుమ. ఆమె గట్టిగా చదివింది.

"లక్ష్మన్న, మారక్క. నల్లమాడ. తొంభై ఆరు ఉగాది. నరసప్ప వర్క్‌షాపు. నల్లచెరువు. తొంభై ఆరు దసరా. అనిల్..."

"ఆమడగూరు," అన్నాడు వీరేష్.

అందరూ అతని వైపు తిరిగారు. అతని ముఖంలో రక్తం లేదు. చంకలోని డైరీ తీసి వేళ్లు తడుపుకుంటూ పేజీలు తిప్పాడు.

"ఆమడగూరు అనిల్. పోయిన వేసవి. ఈ ముగ్గురూ నా కేసులే మేడమ్. ముగ్గురూ సొంత లేత్ పెట్టుకున్న్యారు. ముగ్గురికీ అంజనప్పే నిలబెట్టినాడు, ముగ్గురికీ వంకర పని వచ్చింది. ముగ్గురూ దావలో మార్చినారనే అనుకున్న్యారు."

"నిన్ను పెట్టింది ఎవరు?"

"అమ్మినోడే. గంగాధర. మూడు సార్లూ."

"నువ్వు ఎవరిని దొంగ అన్నావు?"

వీరేష్ పౌలు వైపు చూడలేకపోయాడు. "డ్రైవర్లను. ముగ్గురినీ. ఇద్దరికి పని పోయింది. ఒకడు ఊరే ఇడిసి పోయినాడు."

"నాలుగు ఊర్లు, నాలుగు పలకలు," అంది కమలాక్షి. "లేత్ మాత్రం ఒక్కటే. 4417. గంగాధర అమ్ముతాడు. అంజనప్ప మెలేస్తాడు. నువ్వు డ్రైవరు మీదికి తోస్తావు. కొన్నవాడు విసిగి ఇనుము రేటుకు ఇచ్చేస్తాడు. లేత్ మళ్లీ షెడ్డుకు పోతాది."

"నాకు తెలీదు మేడమ్," అన్నాడు వీరేష్. "నా పిల్లల మీద ఒట్టు. నేను నిజంగానే కనుక్కుంటాండా అనుకున్యా."

"తెలీదని నాకు తెలుసు. తెలిసుంటే ఆ డైరీ నువ్వు దాచుకునేవాడివి కాదు. ఇప్పుడు కోర్టుకు కావల్సింది అదే. జాగ్రత్తగా పట్టుకో."

బయట లారీ హారన్ రెండు సార్లు మోగింది. టైము మూడూ యాభై రెండు. ఎనిమిది నిమిషాలు ముందే వచ్చారు.

పౌలు కిటికీ సందులోంచి చూశాడు. "అంజనప్ప దిగినాడు. వెనక నలుగురు ఉండారు, గడ్డపారలు పట్టుకొని. క్యాబిన్‌లోంచి ఇంగొకాయన దిగుతాండాడు. తెల్ల చొక్కా, బంగారు గడియారం."

వీరేష్ వెళ్లి చూశాడు. "గంగాధర," అన్నాడు. "తనే వచ్చినాడు."

కమలాక్షి లెవెల్‌ను పట్టు గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టింది. నోటుబుక్కు పమిట లోపల దోపుకుంది. "నాగమణక్కా, గోడ మీంచి పక్కింటోళ్లను కేకెయ్యి. మగ్గాల మీద ఉండే వాళ్లందరినీ రమ్మను. ఓబుళప్పన్నా, స్విచ్ వెయ్యి."

"వాడు ఇంటాడు కదమ్మా?"

"వినాలనే."

ఓబుళప్ప స్విచ్ వేశాడు. లేత్ నిండుగా, నిలకడగా మోగింది. పెరట్లోకి వస్తున్న గంగాధర అడుగు సగంలో ఆగింది. స్క్రాపు కింద దక్కాల్సిన మిషను నడుస్తోంది. గుమ్మంలో తాను పెట్టుకున్న డిటెక్టివ్ నిలబడి ఉన్నాడు, పౌలు భుజం మీద చేయి వేసి. ఆ ఇద్దరి మధ్య నుంచి, చక్ పక్కన తెరిచి ఉన్న తలుపూ, తుడిచిన మూడు వరసల పేర్లూ అతనికి కనిపించాయి.

గంగాధర వెనక్కి తిరిగి అంజనప్పకు చిన్నగా సైగ చేశాడు.

అంజనప్ప వెళ్లి వీధి గేటు మూసి, లోపలి నుంచి గొళ్లెం పెట్టాడు. అప్పటికే మగ్గాల చప్పుడు ఆగి, పక్కింటి గోడ మీద ఒకటొకటిగా తలలు లేస్తున్నాయి.